క్రీడోత్సవాలు – పర్యావరణ విద్య

(పాఠశాల ప్లాటినమ్ జూబిలీ సందర్భంగా జరిగిన విద్యా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

డెబ్బయి అయిదు సంవత్సరాలుగా కన్నడ దేశపు నేల మీద తెలుగులో అక్షరాభ్యాసం చేయిస్తున్న ఈ విద్యాలయపు ఉత్సవంలో నాలుగు మాటలు చెప్పే అవకాశం నాకు కలగడం భాగ్యంగా భావిస్తున్నాను. పర్యావరణ విద్య గురించి మాట్లాడవలసిందిగా నిర్వాహకులు ఆజ్ఞాపించారు. ఆహ్వాన పత్రికలో చూస్తే నా ప్రసంగం తరువాత క్రీడా బహుమతుల ప్రదానం ఉన్నది. ఈ రెంటినీ కలిపి మాట్లాడడానికి అనుమతి కోరాను. వారు దయతో అంగీకరించారు.

మన బడులలో పర్యావరణ విద్య ఏ విధంగా సాగుతున్నదో మీకు తెలియనిది కాదు. జూన్ 5వ తేదీన ఒక మొక్క నాటుతాము. ఒక వ్యాసరచన పోటీ పెడతాము. ఆగస్టు నాటికి ఆ మొక్కను మేక తినివేస్తుంది. వ్యాసాలు బీరువాలోకి చేరుతాయి. శీతోష్ణస్థితి మార్పు పాఠంలో ధ్రువ ప్రాంతపు మంచు, సముద్రమట్టపు పెరుగుదల, మునిగిపోయే ద్వీపాలు ఉంటాయి. బాగేపల్లి పిల్లవాడు సముద్రాన్ని చూసి ఉండడు, మంచు కొండను అంతకన్నా చూసి ఉండడు. పాఠాన్ని కంఠస్థం చేసి, పరీక్షలో అప్పగించి, సెలవులలో మరచిపోతాడు. తప్పు ఆ పిల్లవానిది కాదు.

అదే పిల్లవాణ్ణి ఐ.పి.ఎల్. గురించి అడిగి చూడండి. ఏ ఆటగాడు ఎన్ని బంతులలో ఎన్ని పరుగులు తీశాడో, సగటు ఎంతో, చివరి మూడు ఓవర్లలో ఎంత కావలసి ఉండెనో దశాంశ స్థానాలతో సహా చెబుతాడు. లెక్కలంటే భయపడే పిల్లవాడు కూడా ఈ లెక్కకు భయపడడు. ఆ ఉత్సాహాన్ని మనం తరగతి గది బయటే వదిలివేస్తున్నాము. ఒక పెద్ద క్రీడోత్సవంలో పరుగుల లెక్కతో పాటు నీటి లెక్క, విద్యుత్తు లెక్క, ప్రయాణాల లెక్క, చెత్త లెక్క కూడా ఉంటాయి. ఆ లెక్కలను పిల్లలచేతనే కట్టించగలిగితే శీతోష్ణస్థితి మార్పు వారి ఇంటి గడప దాకా నడిచి వస్తుంది. నా మనవి అంతా ఇదే. ఇక దృష్టాంతాలకు వస్తాను.

2016వ సంవత్సరం వేసవి. మహారాష్ట్రలో తీవ్రమైన కరవు. లాతూరు పట్టణానికి ఏప్రిల్ నెలలో రైలు వ్యాగన్లలో తాగునీరు తీసుకొని వెళ్ళారు. మొదటి రైలు తెచ్చిన నీరు 5 లక్షల లీటర్లు. అదే సమయంలో ముంబై, పుణె, నాగపూర్ మైదానాలలో ఐ.పి.ఎల్. పోటీలు జరగవలసి ఉన్నాయి. ఆ మైదానాలకు దాదాపు 60 లక్షల లీటర్ల నీరు ఖర్చు అవుతుందని ఒక సంస్థ బొంబాయి హైకోర్టును ఆశ్రయించింది. ఏప్రిల్ 30 తరువాత జరిగే పోటీలను రాష్ట్రం బయటికి తరలించమని న్యాయస్థానం ఆదేశించింది. కొన్ని పోటీలు మన తెలుగువారి విశాఖపట్నానికి వెళ్ళాయి. ముంబైలో జరగవలసిన అంతిమ పోటీ బెంగళూరు చిన్నస్వామి మైదానానికి వచ్చింది. మే 29వ తేదీన హైదరాబాదు సన్‌రైజర్స్ జట్టు బెంగళూరు జట్టును 8 పరుగుల తేడాతో ఓడించింది. ఇంట తెలుగు, బయట కన్నడం మాట్లాడే మన పిల్లలు ఆ రాత్రి ఏ పక్షం వహించాలో తెలియక ఎంత సతమతమయ్యారో ఈ తాలూకాల తలిదండ్రులకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ పోటీ ఫలితం అందరికీ గుర్తున్నది. ఆ పోటీ బెంగళూరుకు ఎందుకు వచ్చిందో ఎంతమందికి గుర్తున్నది? ఇక్కడే ఉపాధ్యాయునికి పని ఉన్నది.

60 లక్షల లీటర్లంటే ఎంత? లాతూరుకు నీరు తెచ్చిన ఆ మొదటి రైలు వంటివి పన్నెండు రైళ్ళు. వినగానే గుండె జల్లుమంటుంది. అంతటితో ఆపితే అది ఉపన్యాసం అవుతుంది, పాఠం కాదు. మరొక వైపు నుండి కూడా లెక్క కట్టించాలి. 60 లక్షల లీటర్లు 6,000 ఘనపు మీటర్లు. ఒక ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. చెరకు పంటకు కాలం మొత్తానికి తక్కువలో తక్కువ 1,500 మిల్లీమీటర్లు, అనగా ఒకటిన్నర మీటరు లోతు నీరు కావాలని వ్యవసాయ శాస్త్రం చెబుతుంది. రెంటినీ గుణించి చూడండి. 6,070 ఘనపు మీటర్లు వస్తాయి. దేశమంతా తగవులాడుకున్న ఆ పోటీల నీరు అంతా కలిపి ఒక్క ఎకరం చెరకుకు సరిపోతుంది, అది కూడా కొంచెం చాలీచాలకుండా!

మరి న్యాయస్థానం చేసినది సరి కాదా? దాహంతో ఉన్నవాని ఎదుట పచ్చిక తడపడం ధర్మమా? లక్షల ఎకరాల చెరకును చూడకుండా ఒక్క మైదానాన్ని మాత్రం చూడడం న్యాయమా? పిల్లలను రెండు పక్షాలుగా విభజించి వాదించమనండి. నా అభిప్రాయం అడిగితే, ఆ తీర్పు నీటిని ఆదా చేసిన దానికన్నా నీటిని గురించి ఆలోచింపజేయడంలోనే ఎక్కువ మేలు చేసింది. అయితే ఉపాధ్యాయుడు తన అభిప్రాయాన్ని వాదన ముగిసే వరకు జేబులోనే ఉంచుకోవాలి.

మన దగ్గరి సంగతి ఇంకొకటి ఉన్నది. అదే 2016 మార్చి నెల మొదట్లో మన చిక్కబళ్ళాపురం, కోలారు జిల్లాల రైతులు శాశ్వత నీటి వసతి కావాలని ట్రాక్టర్ల మీద బెంగళూరుకు తరలివెళ్ళారు. ఆ ఊరేగింపులో వెళ్ళినవారు ఈ సభలోనే కొందరు ఉండవచ్చు. ఒక రాష్ట్రంలో నీరు లేదని ఆటను పంపివేస్తే, ఆ ఆట వచ్చి చేరిన నగరానికి ముప్పయి అయిదు కోసుల లోపలే వేలమంది రైతులు నీటి కోసం రోడ్డెక్కి మూడు నెలలైనా కాలేదు. పటం తెరచి ఈ రెండు సంగతులను పక్కపక్కన పెట్టి చూపిస్తే పదవ తరగతి పిల్లవానికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

తరువాత ఎనిమిదేళ్ళకు కరవు బెంగళూరుకే వచ్చింది. 2024 మార్చిలో నగరంలోని బోర్లు ఎండిపోయాయి. కారు కడగడానికీ, తోటలు తడపడానికీ తాగునీటిని వాడితే అయిదు వేల రూపాయల జరిమానా అని నగర జలమండలి ప్రకటించింది. చిన్నస్వామి మైదానంలో ఐ.పి.ఎల్. పోటీలు ఎలా జరుగుతాయన్న ప్రశ్న జాతీయ హరిత న్యాయస్థానం దాకా వెళ్ళింది. కబ్బన్ పార్కులోని శుద్ధి కేంద్రంలో శుభ్రపరచిన మురుగునీటితో మైదానాన్ని తడిపి పోటీలు జరిపారు.

దీనిని ఎనిమిదవ తరగతి గణితంలోకి తీసుకొని రావచ్చు. మైదానం వ్యాసార్థం 70 మీటర్లు అనుకుందాము. ఇరవై రెండు బై ఏడు పెట్టి వృత్త వైశాల్యం కట్టితే 15,400 చదరపు మీటర్లు. దాని మీద అయిదు మిల్లీమీటర్ల నీరు చల్లితే 77,000 లీటర్లు. కేంద్ర ప్రభుత్వపు జల జీవన్ పథకం గ్రామంలో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలంటుంది. భాగిస్తే 1,400 మంది. మన పక్కనే ఉన్న ఒక మోస్తరు పల్లెకు ఒక రోజు నీరు! ఇప్పుడు మన బడి కప్పును కొలవమనండి. ఇరవై మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు గల కప్పు మీద ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడితే 1,12,000 లీటర్లు. ఇరవై పాళ్ళు ఆవిరికి, తరుగుకు తీసివేసినా దాదాపు 90,000 లీటర్లు మిగులుతాయి. మైదానాన్ని ఒకసారి తడిపి ఇంకా మిగిలే నీరు మన బడి కప్పు మీద నుండే ఏటా ముంగిట్లోకి జారి వృథాగా పోతున్నది. ఈ వాక్యం నేను చెబితే మీరు చప్పట్లు కొడతారు. పిల్లవాడు తానే టేపుతో కొలిచి తెలుసుకుంటే ఇంటికి వెళ్ళి తండ్రితో వాదిస్తాడు.

ఆ శుద్ధిచేసిన నీటి కథ అక్కడితో ముగియదు. బెంగళూరు ఇళ్ళలో వాడి వదిలిన నీరే హెబ్బాళ–నాగవార లోయల పథకం ద్వారా మన జిల్లా చెరువులకు వస్తున్నది. పథకం లక్ష్యం రోజుకు 210 మిలియన్ లీటర్లు, అనగా 21 కోట్ల లీటర్లు. చిక్కబళ్ళాపురం కందవార చెరువుకు చేరినది ఆ నీరే. కోరమంగల–చల్లఘట్ట లోయల పథకంలో చింతామణి తాలూకా చెరువులు కొన్ని ఉన్నాయి. టెలివిజన్‌లో విరాట్ కోహ్లీ పరుగెత్తే పచ్చికను తడిపిన నీరూ, మన చెరువులో నిలిచిన నీరూ ఒకే నగరపు కాలువల నుండి వచ్చిన అక్కచెల్లెళ్ళు! రెండు దశలలో శుద్ధి చేసి పంపుతున్నారు, మూడవ దశ కూడా కావాలని మన ప్రాంతం వారు చాలాకాలంగా కోరుతున్నారు. మూడవ దశ అంటే ఏమిటి? భాస్వరం, నత్రజని నీటిలో మిగిలితే చెరువులో ఏమి పెరుగుతుంది? ఆటతో మొదలైన ప్రశ్న రసాయనశాస్త్రం తలుపు తట్టుతున్నది చూడండి. వెయ్యి అడుగులు దాటిన బోర్ల నుండి ఫ్లోరైడు నీరు తాగుతూ వచ్చిన బాగేపల్లి పిల్లలకు ఈ రసాయనశాస్త్రం పరీక్ష కోసం కాదు, పళ్ళ కోసం, ఎముకల కోసం.

ఇక ఎండ సంగతి. 2019లో దోహాలో జరిగిన ప్రపంచ అథ్లెటిక్ పోటీలలో మహిళల మారథాన్‌ను ఎండకు భయపడి అర్ధరాత్రి ప్రారంభించారు. అయినప్పటికీ 68 మందిలో 28 మంది మధ్యలోనే విరమించుకున్నారు. టోక్యో ఒలింపిక్స్ మారథాన్‌ను అదే భయంతో ఉత్తరాన ఉన్న సప్పోరో నగరానికి మార్చారు. రాత్రిపూట కూడా చల్లారని గాలిలో, తేమ ఎక్కువైనప్పుడు, చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. ఈ భౌతికశాస్త్ర సూత్రాన్ని తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకంతో తరగతిలోనే చూపవచ్చు. పట్టుపురుగులు పెంచే ఇళ్ళ పిల్లలకు ఇది ఇంకా సులువుగా అర్థమవుతుంది. పురుగుకు 24 నుండి 28 డిగ్రీల వేడి దాటితే ఏమవుతుందో వారి అమ్మకు తెలుసు. పురుగుకు గోనెపట్టా తడిపి కట్టే మనం, ఫిబ్రవరి ఎండలో మధ్యాహ్నం పన్నెండు గంటలకు పిల్లలను పరుగు పందెంలో నిలబెడుతున్నాము. వ్యాయామోపాధ్యాయ మిత్రులు నన్ను మన్నించాలి. క్రీడా దినం వేళలు నిర్ణయించేది సాధారణంగా ముఖ్య అతిథిగారి రాక గనుక నేరం పూర్తిగా వారిది కాదు.

టోక్యో పేరు వచ్చింది కాబట్టి ఒక మంచి మాట కూడా చెప్పాలి. ఆ ఒలింపిక్స్‌లో ఇచ్చిన దాదాపు 5,000 పతకాలను పాత విద్యుత్ పరికరాల నుండి తీసిన లోహాలతోనే తయారుచేశారు. జపాను ప్రజలు 2017 నుండి 2019 వరకు అందించిన పరికరాలు 78,985 టన్నులు. అందులో పాత సెల్‌ఫోన్లే 62 లక్షలకు పైగా ఉన్నాయి. వాటి నుండి లభించిన బంగారం 32 కిలోలు. 2021 ఆగస్టు 1వ తేదీన మన పి.వి. సింధు మెడలో పడిన కాంస్య పతకం కూడా అటువంటిదే. ఎవరో పారవేసిన ఫోను ముక్క సింధు మెడలో ఆభరణమైందని చెప్పినప్పుడు ఆడపిల్లల కళ్ళలో మెరిసే వెలుగును ఏ పాఠ్యపుస్తకమూ తేలేదు.

అయితే మంచి మాటలను కూడా పరీక్షించి నమ్మడం నేర్పాలి. ఇది చాలా ముఖ్యం కనుక కొంచెం ఆగి చెబుతాను. 2022లో ఖతార్ దేశంలో జరిగిన ఫుట్‌బాల్ ప్రపంచ కప్ వలన 36 లక్షల టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువుకు సమానమైన ఉద్గారాలు వెలువడతాయని నిర్వాహకులే అంచనా వేశారు. దానినంతా ఇతర ప్రాంతాలలోని పథకాలతో పూడ్చివేస్తాము, కనుక మా ఉత్సవం నిష్కళంకం అని ప్రచారం చేశారు. 2023 జూన్‌లో స్విట్జర్లాండులోని ప్రకటనల నియంత్రణ సంఘం ఆ ప్రచారానికి తగిన ఆధారం లేదని తేల్చింది. 2024 పారిస్ ఒలింపిక్స్ వారు మరొక మార్గం పట్టారు. వేదికలలో 95 పాళ్ళు పాతవి లేదా తాత్కాలికమైనవి. మొత్తం ఉద్గారాలు సుమారు 16 లక్షల టన్నులకు తగ్గాయని లెక్క చూపారు. అందులోనూ సింహభాగం ప్రేక్షకుల ప్రయాణాలదే. ఆట ఎంత పొదుపుగా ఆడినా, చూడడానికి విమానాలలో వచ్చేవారిని ఎవరు ఆపగలరు?

"ఒకచోట పొగ విడిచి, మరొకచోట పూడ్చడం" అన్న ఈ లెక్కకూ మన తాలూకాలకూ సంబంధం ఉన్నదంటే మీరు ఆశ్చర్యపోతారు. 2002లో కోల్డ్‌ప్లే అనే ఆంగ్ల సంగీత బృందం తమ గీత సంపుటి తయారీలో వెలువడిన ఉద్గారాలకు పరిహారంగా 10,000 మామిడి మొక్కలు నాటడానికి సొమ్ము ఇచ్చింది. ఆ మొక్కలు నాటినది ఎక్కడనుకుంటున్నారు? మన బాగేపల్లి పక్కనున్న గుడిబండ ప్రాంతంలో! 2006లో ఒక ఆంగ్ల పత్రిక విలేఖరి వచ్చి చూస్తే చాలా మొక్కలు నీరు లేక చనిపోయాయి. బావి ఉన్నవారి పొలంలో కొన్ని బతికాయి. మొక్క ఇచ్చారు గాని నీటికి, పోషణకు డబ్బు అందలేదని గ్రామస్థులు చెప్పినట్లు ఆ పత్రిక రాసింది. అది ఆట కాదు, పాట. కాని లెక్క ఒకటే. లండనులో కూర్చొని గుడిబండ వాన లెక్క అడగకుండా చెట్టు లెక్క రాసుకున్నారు. మన ఊరి ఎనిమిదవ తరగతి పిల్లవాణ్ణి అడిగి ఉంటే, రెండేళ్ళు బిందెతో నీరు పోయకుండా ఇక్కడ మామిడి నిలవదని చెప్పేవాడు.

దీనికి ఎదురుగా బాగేపల్లినే మరొక ఉదాహరణగా చూపగలను. బాగేపల్లి కూలీ సంఘం కుటుంబాల కొరకు 5,500 ఇళ్ళకు గోబర్ గ్యాస్ గుంతలు నిర్మించే పథకం 2005 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి క్యోటో ఒప్పందం క్రింద నమోదైంది. కట్టెలు, కిరోసిన్ మిగలడం వలన తగ్గిన ఉద్గారాలను విదేశాలకు అమ్మి ఆ సొమ్ముతో గుంతలు కట్టాలన్నది ఏర్పాటు. జర్మనీలో 2006 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ నిర్వాహకులు తమ ఉద్గారాలకు పరిహారంగా ఎన్నుకున్న పథకాలలో ఒకటి తమిళనాడు పల్లెలలోని గోబర్ గ్యాసే. చెట్టుకు వాన కావాలి, గుంతకు పేడ కావాలి. ఈ రెంటిలో ఏది మన ఊళ్ళో ఎన్నాళ్ళు నిలుస్తుందో పిల్లలు ఇంటింటికీ తిరిగి చూసి రావచ్చు. పని చేస్తున్న గుంతలెన్ని, మూలపడినవెన్ని, ఎందుకు మూలపడ్డాయి, పశువులు అమ్ముకున్న ఇంట పొయ్యి ఏమైంది? ఇది ఏ విశ్వవిద్యాలయ పరిశోధనకూ తీసిపోని పని.

"సిలబస్ పూర్తి చేయడానికే సమయం చాలడం లేదు, ఈ కొత్త భారమెక్కడిది?" అని ఉపాధ్యాయ మిత్రులు మనసులో అనుకుంటున్నారని నాకు తెలుసు. ముప్పయి యేళ్ళు సుద్దముక్క పట్టుకున్నవాణ్ణి, ఆ కష్టం ఎరుగుదును. నేను కొత్త పాఠం చేర్చమనడం లేదు. వృత్త వైశాల్యం సిలబస్‌లో ఉన్నది. శాతాలు ఉన్నాయి. బాష్పీభవనం ఉన్నది. లేఖారచన ఉన్నది. ఉదాహరణ మాత్రమే మారుతుంది.

భాషను గురించి ఒక మాట. ఈ పాఠాలకు తెలుగులో మాటలు లేవని కొందరంటారు. మన చెరువుల క్రింద నీరుగంటి ఉండేవాడు. తూము ఎంత ఎత్తాలో, ఏ మడికి ఎన్ని గడియలు నీరు వదలాలో, మరవ పారిన ఏడాది ఎలా, పారని ఏడాది ఎలా అన్నది అతనికి వేళ్ళ మీద లెక్క. ఉన్న నీటిని బట్టి పైరు నిర్ణయించే పద్ధతి ఆ లెక్కలోనే ఉన్నది. దానినే ఇప్పుడు సుస్థిరత అంటున్నారు. పేరు కొత్తది, పని పాతది. నీరుగంటి కుటుంబాలలోని ముసలివారు ఇంకా కొందరు మన పల్లెలలో ఉన్నారు. వారిని ఒకరోజు తరగతికి పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టండి.

చివరగా ఈ ఉత్సవ సంఘం వారికి ఒక విన్నపం. జూబిలీ క్రీడలు వచ్చే వారం జరగబోతున్నాయి. నీళ్ళ డ్రమ్ముల దగ్గర ఇద్దరు, భోజనాల పందిరి దగ్గర ఇద్దరు, ద్వారం దగ్గర ఇద్దరు పిల్లలను పుస్తకమూ పెన్నూ ఇచ్చి నిలబెట్టండి. ఎన్ని బిందెల నీరు వచ్చింది, ఎంత మిగిలింది, ఎన్ని విస్తళ్ళు, ఎన్ని ప్లాస్టిక్ గ్లాసులు, ఎవరు బస్సులో వచ్చారు, ఎవరు కారులో వచ్చారు, పన్నెండు గంటలకు మైదానంలో వేడి ఎంత, ఇవి రాయమనండి. ముఖ్య అతిథుల కార్లను కూడా మొహమాటం లేకుండా రాయమనండి, నాది కూడా. మరునాడు ఆ లెక్కను విజేతల పట్టిక పక్కనే నోటీసు బోర్డు మీద అంటించండి. వీలైతే ఈ ప్రత్యేక సంచికలో ఒక పుట దానికి కేటాయించండి. ఇరవై అయిదేళ్ళ తరువాత శతవార్షికోత్సవం జరిపే పిల్లలకు, మనం ఆ రోజు ఎన్ని బిందెలు ఒలకబోశామో తెలుస్తుంది.

 బహుమతుల కోసం పిల్లలు ఎదురుచూస్తున్నారు.